కడుపులో దాగిన గాయం

నారాయణపేటలో నేను బడికి పోయే రోజులలో, అనగా 1990 ప్రాంతంలో, మా వీధిలో చాలా ఇండ్లలో గుంటమగ్గాలు ఉండేవి. అటువంటి ఒక ఇంటి పిల్లవాడు, తొమ్మిదేండ్లవాడు, తండ్రి సైకిలు తీసుకొని తొక్కడం నేర్చుకుంటూ ఒకనాటి సాయంత్రం పడిపోయినాడు. సీటు అందని పిల్లలు సైకిలు చట్రం మధ్యనుండి కాలు దూర్చి తొక్కడాన్ని మావైపు కైంచీ అంటారు. కైంచీ తొక్కే పిల్లవాడు పడినప్పుడు ముందు చక్రం అడ్డం తిరుగుతుంది. హ్యాండిలు కొన నేరుగా కడుపునకు తగులుతుంది. ఇతనికీ అట్లే తగిలినది. నెత్తురు లేదు, ఎముక విరుగలేదు. బొడ్డుకు పైన రూపాయి బిళ్ళంత ఎర్రని మచ్చ మాత్రం మిగిలినది.

చూపించిన వైద్యుడు కడుపు నొక్కి చూచినాడు. ఎక్స్‌రే తీయించినాడు. "ఏం గాలేదమ్మా, రేపటికల్ల ఆడుకుంటడు" అని రెండు మాత్రలిచ్చి పంపినాడు. పిల్లవాడు మరునాడు నిజంగానే వాకిట్లో కూర్చుండి అటుకులు తిన్నాడు. మూడవనాడు వాంతులు, వీపులోనికి పొడుచుకొని పోయే నొప్పి. తల్లి మళ్ళీ ఆ వైద్యుని వద్దకే పోయి, "ఇంకొక్కపారి చూడుండ్రి సారూ" అని బతిమాలుకొన్నది. ఆయన అదే ఎక్స్‌రేను వెలుగునకు ఎత్తి చూచి, అదే మాట చెప్పినాడు. నెల దాటిన తరువాత, కడుపు పైభాగం కుండవలె ఉబ్బిన స్థితిలో, ఆ పిల్లవానిని హైదరాబాదుకు తీసుకొనిపోయినారు. అక్కడ అల్ట్రాసౌండ్ పరీక్షలో జీర్ణాశయం వెనుక పెద్ద నీటితిత్తి కనిపించినది. శస్త్రచికిత్స జరిగినది. పిల్లవాడు బ్రతికినాడు.

ఆ వైద్యుడు నిర్లక్ష్యం చేసినాడని నేను అనను. ఆయన చేతిలోనున్న బొమ్మలో ఆ గాయం లేదు. ఎంత చూచినా కనిపించదు. కనిపించని దానిని కనిపించేటట్లు చేయడానికి మానవుడు పడిన పాట్లు పెద్ద చరిత్ర. ఆ చరిత్రలో కొన్ని ఘట్టాలు మన హైదరాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలకు సంబంధించినవి కూడా కలవు. నేటి ప్రసంగం దానిని గురించే.

ముందుగా ఆ అవయవం ఏదో చెప్పుకొందాం. జీర్ణాశయానికి వెనుక, వెన్నెముకకు ముందు, అడ్డంగా పడుకొని ఉండే జానెడు గ్రంథి అది. బరువు నూరు గ్రాములకు మించదు. పాశ్చాత్యులు దానికి పెట్టిన గ్రీకు పేరునకు అర్థం "అంతా మాంసమే" అని. ఎముక లేదు, మృదులాస్థి లేదు, ఏమి పని చేస్తుందో తెలియదు. కనుక ఆ పేరు పెట్టి ఊరకున్నారు. మన పాఠ్యపుస్తకాలు దానిని క్లోమగ్రంథి అన్నవి. చరకసుశ్రుతులు క్లోమమనే అవయవాన్ని చెప్పినారు. శరీరంలో నీటిని మోసే స్రోతస్సులకు తాలువూ క్లోమమూ మూలమన్నారు. ఐతే వారి క్లోమం ఏ అవయవమనే విషయంలో వ్యాఖ్యాతలకే ఏకాభిప్రాయం లేదు. ఆధునికులు ఆ పాత పేరును తెచ్చి ఈ గ్రంథికి తగిలించినారు. మంచిపనే, లేకుంటే మనమూ "అంతా మాంసమే" అనుకోవలసి వచ్చేది.

ఈ గ్రంథి రోజుకు లీటరుకు పైగా జీర్ణరసాన్ని తయారుచేస్తుంది. మాంసాన్నీ, కొవ్వునూ, గంజినీ కరగించగల రసం అది. గ్రంథి నడుమ ఒక చివరనుండి మరొక చివరకు సాగే సన్నని నాళం ద్వారా అది చిన్నప్రేగులో పడుతుంది. మాంసాన్ని కరగించే రసం, స్వయంగా మాంసమే ఐన గ్రంథిని ఎందుకు కరగించదు? గ్రంథిలో ఉన్నంతసేపు ఆ శక్తి నిద్రాణమై ఉంటుంది. ప్రేగులో పడిన తరువాతనే మేల్కొంటుంది. నాళం తెగినదా, ఆ కట్టుబాటు తప్పుతుంది. రసం బయటికి ఊరి, మేల్కొని, చుట్టుపక్కల ఉన్నదానిని కరగించడం మొదలుపెడుతుంది. అందువలన క్లోమానికి దెబ్బ తగిలినప్పుడు వైద్యుడు తెలుసుకోవలసిన ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: నాళం తెగినదా, లేదా?

ఆ నాళాన్ని మొట్టమొదట మనిషి శరీరంలో చూపినవాడు జర్మనీనుండి ఇటలీకి వచ్చిన యోహాన్ గేఓర్గ్ విర్‌సుంగ్. 1642లో పదువా నగరంలో, మరణశిక్ష పొందిన ఒక నేరస్థుని శవాన్ని కోస్తూ ఆయన ఈ నాళాన్ని కనుగొన్నాడు. ఇది ఏమిటో, ఎందుకున్నదో ఆయనకు తెలియదు. తెలియదని దాచుకోలేదు. రాగిరేకుమీద బొమ్మ చెక్కించి, అచ్చులు తీయించి, ఐరోపాలోని పెద్ద పెద్ద శరీరశాస్త్రజ్ఞులకు పంపి, మీకేమైనా తెలిస్తే చెప్పండని అడిగినాడు. జవాబులు చూచుకొనే భాగ్యం అంతగా దక్కలేదు. 1643 ఆగస్టులో ఆయనను ఎవరో తుపాకితో కాల్చి చంపినారు. ఆ రాగిరేకు మాత్రం మిగిలినది. క్లోమనాళానికి మనిషి గీసిన మొదటి బొమ్మ అదే. ఆ రసం చేసే పనిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోడ్ బెర్నార్డు స్పష్టంగా నిరూపించే నాటికి మరి రెండువందల యేండ్లు గడచినవి.

ఇక గాయం సంగతి. క్లోమం శరీరంలో అంత లోతున ఉండడం దానికి రక్షణ. చిన్నచిన్న దెబ్బలు దానిదాకా పోవు. కాని దాని వెనుకనే గట్టి వెన్నెముక ఉన్నది. ముందునుండి ఒక చోటనే బలంగా దెబ్బ పడితే, రోకటికీ రోలుకూ నడుమ చిక్కినట్లు, గ్రంథి వెన్నెముకమీద నలిగి నడిమికి తెగుతుంది. పట్టణాలలో మోటారు స్టీరింగు చక్రం, పిల్లలకు సైకిలు హ్యాండిలు, పల్లెలలో ఎద్దుకొమ్మూ, గుర్రపుతన్నూ, బండినొగా ఈ పనే చేస్తవి. వైద్యగ్రంథాలకెక్కిన మొదటి కేసు లండనులోనిది. 1827లో ట్రావర్సు అనే శస్త్రవైద్యుడు దానిని ప్రకటించినాడు. తాగిన మత్తులో వీధిలో పడిన ఒక స్త్రీని గుర్రపు కోచిబండి చక్రం కొట్టినది. ఆమె మరణించిన పిమ్మట శవాన్ని కోసి చూస్తే క్లోమం అడ్డంగా పూర్తిగా తెగి ఉన్నది. చావుకు ముందు ఎవరూ దానిని ఊహించలేదు. ఊహించే సాధనమూ లేదు.

1903లో మికులిచ్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు అంతవరకు ప్రపంచ వైద్యసాహిత్యంలో ప్రకటితమైన క్లోమగాయాలను పోగుచేసినాడు. మొత్తం 45. కత్తిపోట్లు, తుపాకిగుండ్లు 21. పైకి గాయం లేని మూగదెబ్బలు 24. అనుమానం కలిగితే తెరచి చూడవలసినదే అని ఆయన తీర్మానం. తెరచి చూడడమంటే, కడుపు కోయడమే కాదు. జీర్ణాశయం కిందనున్న కొవ్వుపొరను కూడా విడదీసి దాని వెనుకకు తొంగిచూడాలి. అట్లా చూడక, పైపైన చూచి కుట్టివేసిన సందర్భాలు ఎన్నో.

తెరచి చూడాలంటే రోగి నిద్రలో ఉండాలి. ఇక్కడ ఒక్కసారి మనం హైదరాబాదుకు రావలసి ఉన్నది. 1846లో స్థాపించిన హైదరాబాదు వైద్యపాఠశాలకు 19వ శతాబ్దం చివర ఎడ్వర్డు లారీ అధ్యక్షుడుగా ఉండినాడు. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు నాడిని కాదు, శ్వాసను గమనించమని ఆయన వాదం. లండను పండితులు ఒప్పుకోలేదు. 1888లో ఒక పరిశోధక సంఘం, వారు దానినీ నమ్మకపోగా 1889లో రెండవ సంఘం హైదరాబాదులో ఏర్పడినవి. రెండవదానికి ఇంగ్లండునుండి లాడర్ బ్రంటన్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు వచ్చినాడు. ఖర్చు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాను భరించినాడు. ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ మహిళ క్లోరోఫారం ఇవ్వడంలో నిపుణురాలై, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరుపొందినది. లారీ సిద్ధాంతం పూర్తిగా నిలువలేదు. క్లోరోఫారం నేరుగా గుండెను ఆపగలదని తరువాతి పరిశోధనలు చూపినవి. ఐనా శ్వాసను కనిపెట్టి ఉండమన్న మాట మత్తువైద్యులందరూ పాటించేదే. ఈ మహబూబ్ అలీఖాను పేరుమీదనే 1890లో మన జిల్లా కేంద్రానికి మహబూబ్‌నగర్ అని పేరు వచ్చినది. రాజధానిలో అంత విద్య వెలుగుతున్న కాలంలో ఈ జిల్లా పల్లెలలో ఎద్దు కుమ్మిన మనిషిని ఎట్లా చూచినారో ఏ నివేదికా వ్రాయలేదు. ఎద్దులబండిమీద ఎన్ని రోజులకు ఆ నగరం చేరుతారో లెక్కవేసుకొంటే ఆ సంగతి మనకే తెలుస్తుంది.

1895 నవంబరు 8న రాంట్‌గెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. లోకం ఆశ్చర్యపోయినది. రెండు మూడేండ్లలోనే, 1897-98 తీరా యుద్ధంలో, వాయవ్య సరిహద్దు కొండలలో బీవర్ అనే సైనిక వైద్యుడు ఈ యంత్రాన్ని మోయించుకొని పోయి సిపాయిల శరీరాలలో గుండ్లు ఎక్కడున్నవో చూచినాడు. మన దేశంలో ఎక్స్‌రేను యుద్ధభూమిలో వాడిన తొలి సందర్భమది. మదరాసులో 1934లో బర్నార్డు పేరిట ప్రత్యేక కిరణ వైద్యసంస్థ వెలసినది. ఆనాటి మదరాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల వైద్యులకు అది ముఖ్యమైన విద్యాకేంద్రం.

ఐతే ఎక్స్‌రేకు క్లోమం కనిపించదు. ఎముకకూ మాంసానికీ తేడా అది చెబుతుంది; గాలికీ మాంసానికీ తేడా చెబుతుంది; మాంసానికీ మాంసానికీ తేడా చెప్పలేదు. క్లోమానికి ముందు జీర్ణాశయం, వెనుక వెన్నెముక, పక్కన మూత్రపిండం. ఇన్నిటి నీడలు ఒకదానిపై ఒకటి పడి, అన్నీ కలిసి ఒక బూడిదరంగు మచ్చగా తేలుతవి. మా వీధి పిల్లవాని ఎక్స్‌రేలో కనిపించినదీ అదే. ప్రేగు పగిలి గాలి బయటికి వస్తే ఎక్స్‌రే చెప్పగలదు. క్లోమంలో గాలి ఎక్కడిది?

బొమ్మ దారి మూతపడి ఉన్న కాలంలో రసాయనికులు మరొక దారి వెదకినారు. గ్రంథి నలిగితే గంజిని కరగించే అమైలేజు రక్తంలోనికి ఊరుతుంది, దానిని కొలవవచ్చు. 1943లో నాఫ్‌జిగర్, మెక్‌కార్కిల్ అనే అమెరికను శస్త్రవైద్యులు క్లోమగాయాలను గుర్తించడానికి ఈ పరీక్షను ప్రత్యేకంగా సిఫారసు చేసినారు. పనికివచ్చే పరీక్షే. కాని నాళం తెగినా మొదటి గంటలలో అమైలేజు పెరగకపోవచ్చు. నోటిమీద దెబ్బ తగిలి లాలాజల గ్రంథి వాచినా పెరుగవచ్చు. ఒకసారి చూచిన అంకెకన్నా, గంటలు గడచిన కొద్దీ పెరుగుతూ పోయే అంకెకు విలువ ఎక్కువ అని అనుభవం నేర్పినది. ఈ మాట మనం గుర్తుంచుకోవాలి; బొమ్మల విషయంలోనూ ఇదే మళ్ళీ ఎదురవుతుంది.

1958లో ఇయాన్ డోనాల్డు స్కాట్లండులో ధ్వనితరంగాలతో కడుపులోని బొమ్మలను ప్రకటించినాడు. అల్ట్రాసౌండ్ నేడు చిన్న పట్టణాలకు కూడా చేరిన సాధనం. కడుపులో నెత్తురు నిలిచినదా అని చూడడానికి దానికి సాటి లేదు. తిత్తి ఏర్పడిన తరువాత చక్కగా చూపుతుంది. కాని తాజా క్లోమగాయం ముందర అది తరచు ఓడిపోతుంది. దెబ్బతిన్నవాని ప్రేగులు గాలితో ఉబ్బి ఉంటవి; గాలిని దాటి ధ్వని పోలేదు.

అసలు మార్పు 1971 అక్టోబరు 1న లండను సమీపంలోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో వచ్చినది. గ్రామఫోను రికార్డులు తయారుచేసే ఇ.ఎం.ఐ. సంస్థలో ఇంజనీరైన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు కట్టిన సి.టి. యంత్రం ఆనాడు ఒక రోగి మెదడును అడ్డకోతలుగా చూపినది. రేడియో శ్రోతలకు ఈ సంగతి కొంత సంతోషం కలిగించాలి. పాట వినిపించిన సంస్థనుండే ఈ చూపూ వచ్చినది. నీడలన్నీ ఒకదానిపై ఒకటి పడకుండా, శరీరాన్ని దోసకాయ చక్రాలవలె పలుచని పొరలుగా విడదీసి చూపడం ఇందులోని కిటుకు. శరీరం చుట్టూ అనేక దిక్కులనుండి కిరణాలను పంపి, ఏ దిక్కున ఎంత కిరణం మిగిలినదో కొలిచి, లెక్కవేసి బొమ్మ కడుతుంది. ఆ లెక్కకు ఆధారమైన గణితాన్ని అంతకుముందే ఆలన్ కార్మాక్ వేరుగా ప్రకటించి ఉన్నాడు. 1979లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చినారు. 1970ల మధ్యనాటికి మొత్తం శరీరాన్ని చూపే యంత్రాలు వచ్చినవి. మాంసానికీ మాంసానికీ తేడా చెప్పగల చూపు లభించినది.

ఇక క్లోమగాయం సమస్య తీరినట్లేనా? తీరలేదు. 1983లో జెఫ్రీ, ఫెడెర్లీ మొదలైన అమెరికను కిరణవైద్యులు, శస్త్రచికిత్సలో క్లోమగాయం రుజువైన 13 మంది సి.టి. బొమ్మలను తిరిగి పరిశీలించినారు. 11 మందిలో బొమ్మ సరిగ్గా చెప్పినది. ఇద్దరిలో గాయముండగానే బొమ్మ లేదన్నది. ఎందువలన? దెబ్బ తగిలిన వెంటనే గ్రంథి తెగిన అంచులు ఒకదానికొకటి ఒరసుకొని ఉంటవి. వాటి నడుమ సందు కనిపించదు. రసం ఇంకా ఊరలేదు, వాపు ఇంకా రాలేదు. ఆ గంటలలో తీసిన బొమ్మ అబద్ధమాడదు గాని, నిజమంతా చెప్పదు. మొదటి 12 గంటలలో తీసిన సి.టి. మామూలుగానే కనిపించి, ఒకటి రెండు రోజుల తరువాత తీసినదానిలో తెగిన గీత స్పష్టంగా బయటపడిన సందర్భాలను వైద్యులు ఎన్నో వ్రాసినారు. తరువాత యంత్రాలు ఎంతో చురుకైనవి. 1990ల చివరికి వచ్చిన బహుశ్రేణి యంత్రాలు కొన్ని సెకనులలో కడుపునంతా చూచివేస్తున్నవి. గ్రంథికీ దాని వెనుకనున్న ప్లీహపు సిరకూ నడుమ సన్నని నీటిచార, ఎడమ మూత్రపిండం ముందరి పొర మందమెక్కడం మొదలైన పరోక్ష సాక్ష్యాలను చదవడం కిరణవైద్యులు నేర్చుకొన్నారు. ఐనప్పటికీ, అనుమానం మిగిలితే మళ్ళీ తీయవలసినదే.

ఆ తల్లి అడిగినదీ అదే గదా, ఇంకొక్కపారి చూడమని.

సి.టి. గ్రంథిని చూపినది, నాళం మాత్రం ఇంకా దోబూచులాడుతూనే ఉన్నది. ఆరోగ్యవంతునిలో నాళం వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. దెబ్బతిన్న గ్రంథిలో దానిని వెదకడం సులభం కాదు. దానికొరకు వేరే దారి తెరచినవారు ఎండోస్కోపు వైద్యులు. 1968లో అమెరికాలో మెక్యూన్ బృందం, ఆ వెంటనే జపాను వైద్యులు, నోటిద్వారా గొట్టాన్ని పంపి, చిన్నప్రేగులో నాళం తెరచుకొనే ద్వారాన్ని పట్టి, అందులోనికి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసినారు. దీనినే ఇ.ఆర్.సి.పి. అంటారు. విర్‌సుంగ్ శవంలో చూచిన నాళం బ్రతికిన మనిషిలో తెల్లని గీతగా కనిపించినది. 1976లో గూజాన్ మొదలైన వైద్యులు దెబ్బతిన్న రోగిలో అత్యవసరంగా ఈ పరీక్ష చేసి ప్రకటించినారు. రంగుమందు నాళం వెంబడి తోకదాకా పోతే నాళం భద్రం. మధ్యలో బయటికి చిందితే తెగినట్లే. పోనుపోను ఈ పద్ధతి చూపుతో ఆగక చికిత్స కూడా ఐనది. చిన్న చీలిక ఉంటే అదే గొట్టంగుండా సన్నని ప్లాస్టికు నాళికను పంపి, చీలికకు అడ్డంగా నిలిపి, రసాన్ని ప్రేగులోనికి మళ్ళించవచ్చును. పూర్తిగా తెగిన గ్రంథికి మాత్రం సాధారణంగా కత్తే శరణ్యం. తెగిన తోకభాగాన్ని తొలగిస్తారు.

ఈ విద్యలో తెలుగువారి పేరు ప్రపంచంలో వినిపించినది. కర్నూలు వైద్యకళాశాలలో చదివి, మదరాసులోనూ చండీగఢ్‌లోనూ పైచదువులు ముగించిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి ఎండోస్కోపు చికిత్సలో, అందునా క్లోమ, పిత్తనాళాల విషయంలో, అగ్రగణ్యుడైనాడు. 1994లో హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ స్థాపించినాడు. దేశదేశాల వైద్యులు అక్కడికి వచ్చి నేర్చుకొని పోతున్నారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ ఆయనకు లభించినవి. కర్నూలు మన పాలమూరు జిల్లాకు తుంగభద్ర ఆవలి ఒడ్డునే ఉన్న ఊరు. నిపుణుడు అంత దగ్గరవాడు. ఐనా నారాయణపేట రోగికి ఆ నైపుణ్యం హైదరాబాదు చుట్టు తిరిగివస్తే గాని అందేది కాదు.

ఇ.ఆర్.సి.పి. వలన ఒక చిక్కు ఉన్నది. నాళాన్ని కదిలించడం వలన క్లోమమే వాయవచ్చు. నిపుణుని చేయి కావాలి. 1991లో వచ్చిన ఎం.ఆర్.సి.పి. పద్ధతి ఈ చిక్కును తప్పించినది. అయస్కాంత యంత్రం నిలిచిన నీటిని తెల్లగా మెరిసేటట్లు చూపగలదు. నాళంలో ఉన్నదీ నీరువంటి రసమే. కనుక సూది లేక, రంగుమందు లేక, కిరణం లేక నాళమంతా తీగవలె వెలుగుతుంది. 1990లో అమెరికా ఆఘాత శస్త్రవైద్యుల సంఘం క్లోమగాయాలను ఐదు తరగతులుగా విభజించినది. ఆ విభజనకు కూడా నాళమే గీటురాయి. నాళం క్షేమంగా ఉన్నంతవరకు మొదటి రెండు తరగతులు, తెగితే మూడవదీ ఆపైనా. మొదటి రెంటికి తరచు కనిపెట్టి ఉండడమే చికిత్స.

ఇంతవరకు యంత్రాల మాట. యంత్రం దగ్గరికి మనిషి చేరే మాట ఇంకొకటి ఉన్నది. నా దృష్టిలో మన ప్రాంతపు చరిత్రలో రాంట్‌గెన్ తేదీకి ఎంత విలువ ఉన్నదో, మరి రెండు తేదీలకూ అంత విలువ ఉన్నది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైనది. క్రమంగా జిల్లాలకు పాకినది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొట్టమొదట మూడు జిల్లాలలో ఆరంభించినది. అనంతపురం, శ్రీకాకుళం, మూడవది మహబూబ్‌నగర్. నారాయణపేట అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. కరవుకూ వలసకూ పేరుపడిన జిల్లాలు ఇవి. బొంబాయి, పూనాలలో మట్టిపనికి పోయే పాలమూరు కూలీ, పెద్ద ఆసుపత్రి మెట్టు డబ్బు లేక ఎక్కగలగడం ఆ నాటినుండి. అప్పు పుట్టనందున పరీక్ష వాయిదా వేసుకొన్న కుటుంబాలను నేను ఎరుగుదును. వాయిదా పడినన్ని రోజులూ రసం ఊరుతూనే ఉంటుంది.

2016లో మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్యకళాశాల తరగతులు మొదలైనవి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట వేరు జిల్లా ఐనది. 2024లో అక్కడికీ ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. హైదరాబాదుకు 160 కిలోమీటర్లకు పైగా ఉన్న ఊరికి ఇవి చిన్న సంగతులు కావు. ఐతే గొప్పకు పోకూడదు. కళాశాల రావడం వేరు. రాత్రి పది గంటలకు వచ్చిన పిల్లవాని సి.టి. బొమ్మను చదవగల కన్ను అక్కడ ఉండడం వేరు. ఇప్పుడు బొమ్మను తీగమీద క్షణంలో పంపవచ్చు. చదివేవాడు దూరాన ఉన్నా చదువగలడు. కాని మరునాడు మళ్ళీ నొప్పి అన్నప్పుడు మళ్ళీ బొమ్మ తీయించాలని తోచవలసినవాడు మంచం పక్కన నిలిచిన వైద్యుడే. పైకి గాయం లేని కడుపుదెబ్బ తగిలిన పిల్లవానికి ఒకటి రెండు రోజులలో వీపులోనికి పోయే నొప్పి, వాంతులు, జ్వరం వచ్చినవంటే, మొదటి బొమ్మ బాగున్నదని ఊరకుండక, తల్లిదండ్రులు వానిని తిరిగి తీసుకొనిపోవాలి. హ్యాండిలు కొన తగిలినదని, ఎక్కడ తగిలినదో వ్రేలితో చూపి మరీ చెప్పాలి. ఆ ఒక్క మాట వినకపోతే ఏ యంత్రం ఎక్కడ వెదకాలో ఎవరికి తెలుస్తుంది?

ఈ ప్రసంగం వ్రాసేముందు నేను నారాయణపేటకు పోయి, ఆనాటి పిల్లవానిని కలుసుకొన్నాను. ఇప్పుడు ఆయన నడివయసు మనిషి. తండ్రి మగ్గంమీదనే నేస్తున్నాడు. బొడ్డుకు పైన పొడవాటి కుట్లగీత ఉన్నది. కొవ్వు తింటే పడదట; మిగతా బాగున్నాడు. తల్లి కాలం చేసి కొన్నేండ్లైనది. ఆమె చీరల పెట్టెలో, అడుగున, పసుపుపచ్చని కవరులో పెట్టి దాచిన ఆనాటి ఎక్స్‌రే ఆయన తెచ్చి చూపినాడు. మగ్గపు గుంటకు వెలుగునిచ్చే కిటికీ దగ్గర ఇద్దరం దానిని ఎత్తి పట్టుకొన్నాం. ప్రక్కటెముకలు తెల్లగా, వెన్నుపూసలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుగా కనిపించినవి. నేను ఆ పూసలమీద వ్రేలుపెట్టి, "దెబ్బ ఇక్కడ తగిలినది" అన్నాను. ఆయన చాలాసేపు చూచి, "ఇక్కడేం లేదు గదన్నా" అని, ఎక్స్‌రేను మళ్ళీ కవరులో పెట్టినాడు.